చార్జర్ పెట్టినా లాప్‌టాప్ చార్జ్ అవ్వడం లేదా? గోడ దగ్గర నుంచి వెతకండి

మొన్న వేసవిలో వైజాగ్ ఎంవీపీ కాలనీ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, నా లాప్‌టాప్ పోయింది. షాపులో చూపించాను. మదర్‌బోర్డులో చార్జింగ్ ఐసీ అనే చిప్ కొట్టేసిందట, ఎనిమిదిన్నర వేలు అవుతుందట." రెండ్రోజుల్లో ప్రాజెక్టు ఇచ్చెయ్యాలి. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"వాళ్ల దగ్గరున్న వేరే చార్జర్ పెట్టి చూశాడా?"

"లేదు మావయ్యా, నాదే పెట్టాడు. లైటు వెలగలేదు. బోర్డే అన్నాడు."

సాయంత్రం వాళ్లింటికెళ్లాను. లాప్‌టాప్‌ని ముట్టుకోలేదు. గోడకీ, వైరు మధ్యలో ఉండే డబ్బాకీ, అంటే అడాప్టర్‌కీ, మధ్య ఉండే కేబుల్‌ని అడాప్టర్ నుంచి ఊడబీకి, ఫోన్ టార్చి వేసి బెజ్జాల్లోకి చూశాను. మూడు బెజ్జాల్లో ఒకదాని లోపల ఇత్తడి రేకు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులోకి మాడింది. పక్కింటి కుర్రాడి కేబుల్ తెచ్చి పెట్టగానే అడాప్టర్ లైటు వెలిగింది, లాప్‌టాప్ చార్జ్ ఎక్కడం మొదలైంది. కొత్త కేబుల్‌కి నూట యాభై అయింది.

ప్రతిసారీ ఇంత సులువుగా తేలదు. నిజంగా బోర్డు పోయినవి, బ్యాటరీ చచ్చినవి కూడా చాలానే చూశాను. కానీ వెతకడానికి ఒక వరస ఉంది. కరెంటు గోడలోంచి బయలుదేరి కేబుల్, అడాప్టర్, దాని చివరి పిన్ను, ఆ పిన్ను దూరే జాక్, బోర్డు దాటుకుని చివరికి బ్యాటరీకి చేరుతుంది. మీరూ అదే దారిన రండి. ఈ దారిలో ముందుకెళ్లేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. గోడ దగ్గర తప్పు దొరికితే ఉచితం, కేబుల్ దగ్గర వందలు, బోర్డు దగ్గర వేలు. షాపుల్లో కొందరు ఈ దారిని వెనక నుంచి మొదలుపెడతారు. ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ముందు: ఇవి కనిపిస్తే ఆగిపోండి

చార్జర్ తీసేసి లాప్‌టాప్‌ని టేబుల్ మీద బల్లపరుపుగా పెట్టి, కళ్లు ఆ ఎత్తుకి దించి చూడండి. అడుగు అట్ట ఉబ్బి అటూ ఇటూ ఊగుతోందా? టచ్‌ప్యాడ్ పైకి లేచి, క్లిక్ పడటం లేదా? మూత సరిగా మూసుకోవడం లేదా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. ఇక చార్జింగ్ పెట్టొద్దు. నొక్కి సరిచెయ్యాలని చూడొద్దు. సూదితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిస్తే మంట అంటుకుంటుంది, లిథియం మంటలు దుప్పటి కప్పితే ఆరేవి కావు. ఆఫ్ చేసి, మంచానికీ కర్టెన్లకీ దూరంగా పెట్టి, నేరుగా సర్వీసుకి తీసుకెళ్లండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మీకు అనవసరం.

అడాప్టర్ దగ్గర మాడిన వాసన వచ్చినా, ప్లాస్టిక్ మెత్తబడినా అంతే, దాన్ని పక్కన పడెయ్యండి. కాఫీయో నీళ్లో ఒలికి ఉంటే లోపల విప్పి శుభ్రం చేయించే దాకా చార్జర్ పెట్టొద్దు. బియ్యం డబ్బాలో పెట్టే వైద్యం వల్ల ఉపయోగం లేదు. తడి కొంత ఆరొచ్చు, ఉప్పూ పంచదారా మాత్రం బోర్డు మీదే ఉండిపోతాయి. ఆర్కే బీచ్‌లో అల వచ్చి బ్యాగు తడిసిన లాప్‌టాప్ అయితే మరీ తొందరగా తీసుకెళ్లాలి. సముద్రపు నీళ్లు బోర్డుని తినెయ్యడానికి ఎక్కువ రోజులు తీసుకోవు.

ఏ రోగమో ముందు తేల్చుకోండి

"చార్జ్ అవ్వడం లేదు" అన్న ఒక్క మాట కింద నాలుగు వేరువేరు రోగాలు దాక్కుంటాయి.

ఒకటి: చార్జర్ పెట్టినా ఏ లైటూ వెలగదు, మెషీను కూడా లేవదు. దీనికి గోడ నుంచి జాక్ దాకా వెతకాలి.

రెండు: చార్జర్ ఉన్నంతసేపూ శుభ్రంగా పనిచేస్తుంది, తీస్తే టప్పున ఆరిపోతుంది. అంటే కరెంటు లోపలికి వస్తోంది, బ్యాటరీలోకి మాత్రం ఎక్కడం లేదు. అనుమానం బ్యాటరీ మీద, లేదా బోర్డులోని చార్జింగ్ భాగం మీద. ఒక్కోసారి అడాప్టర్‌ని మెషీను గుర్తుపట్టకపోయినా ఇదే జరుగుతుంది.

మూడు: 60 దగ్గరో 80 దగ్గరో ఆగిపోయి ఇక కదలదు. నూటికి తొంభై సార్లు ఇది జబ్బే కాదు, సెట్టింగు.

నాలుగు: చార్జింగ్ పెట్టే ఉంది, అయినా శాతం తగ్గుతూ పోతోంది. అడాప్టర్ శక్తి చాలడం లేదు, లేదంటే మెషీను విపరీతంగా వేడెక్కింది.

మీది ఏదో కాగితం మీద రాసుకోండి. షాపుకి వెళ్లాల్సి వచ్చినా "చార్జ్ అవ్వట్లేదండి" అనేదాని కంటే "చార్జర్ తీస్తే ఆరిపోతోందండి" అంటే అవతలివాడు మీ మాట వినే తీరే మారుతుంది.

గోడ

అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. ఫోన్ ఎక్కితే సాకెట్ బాగున్నట్టే అనుకుంటాం కానీ, పూర్తిగా కాదు. ఫోన్ చార్జర్‌ది రెండు పిన్నులు, తేలిక. లాప్‌టాప్‌ది మూడు పిన్నులు, బరువైన కేబుల్. పాత స్విచ్‌బోర్డుల్లో లోపలి రేకులు వదులైపోయి, బరువుకి ప్లగ్గు కిందికి వాలి, కాంటాక్టు వదిలేస్తుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు లోపల చిటపట వినిపిస్తే సాకెట్ మార్పించండి. వైజాగ్‌లో బీచ్ వైపు కిటికీ ఉన్న గదిలో బోర్డులు తొందరగా పోతాయి. ఉప్పుగాలి స్క్రూల దగ్గర మొదలుపెట్టి లోపలి రేకుల దాకా వెళుతుంది. లాసన్స్ బే కాలనీలో మూడేళ్లకే తుప్పుపట్టిన బోర్డులు విప్పాను.

తరవాత ఎక్స్‌టెన్షన్ బాక్సుని దారిలోంచి తప్పించండి. చార్జర్‌ని సూటిగా గోడకే పెట్టండి, వీలైతే వేరే గదిలో. చవకరకం ఎక్స్‌టెన్షన్లో ఫ్రిజ్, మిక్సీ, రూటర్, లాప్‌టాప్ అన్నీ వేలాడుతుంటాయి. లాప్‌టాప్‌ని తప్పు పట్టేముందు దాన్ని చూడాలి.

"లో వోల్టేజీ అండీ, అందుకే చార్జ్ అవ్వట్లేదు" అని కొందరంటారు. అడాప్టర్ వెనక చదవండి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. మన ఇళ్లకి రావాల్సింది 230. అది 180కి పడినా అడాప్టర్ పని ఆగదు. తక్కువ వోల్టేజీ కంటే, కరెంటు పోయి తిరిగొచ్చేటప్పుడు పడే దెబ్బ ప్రమాదం. కరెంటు పోయి మాటిమాటికీ వస్తూ పోతూ ఉంటే ప్లగ్గు తీసేసి ఉంచండి. నిలకడగా వచ్చాక ఓ ఐదు నిమిషాలాగి పెట్టండి.

ఇక్కడే ఇంకో సంగతి. అల్యూమినియం ఒళ్లున్న లాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా చేతికి జిల్లుమని తగులుతోందా? చాలామంది లాప్‌టాప్‌లో షార్టు అనుకుని భయపడతారు. ఎక్కువసార్లు అది మీ ఇంటి ఎర్తింగ్ సంగతి. అడాప్టర్ లోపల కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు లీకవుతుంది. మూడో పిన్నుకి ఎర్తు ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మీ మణికట్టు దగ్గర చురుక్కుమంటుంది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టినా ఇదే తంతు. చార్జింగ్ ఆగడానికి ఇది కారణం కాదు కానీ, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు చూపించుకోవడానికి మంచి కారణం. పాత ఇళ్లలో ఎర్తు గుంత ఎండిపోయి, ఎవరూ నీళ్లు పొయ్యక అలా పడి ఉంటుంది.

కేబుల్: నన్నడిగితే ఎక్కువ సేపు ఇక్కడే ఉండండి

అడాప్టర్ వైపు చివర రెండు రకాలు. తాటికాయ పైన కోస్తే మూడు ముంజెల గుంటలు కనిపిస్తాయి చూడండి, అచ్చం అలాంటి ఆకారంలో మూడు బెజ్జాలుండేది ఎక్కువ లాప్‌టాప్‌లకి. ఎనిమిది అంకె ఆకారంలో రెండు బెజ్జాలుండేది కొన్ని చిన్న అడాప్టర్లకి. రెండూ అన్ని కంపెనీలకీ ఒకటే. పక్కింట్లో ఏ బ్రాండు లాప్‌టాప్ ఉన్నా, ఆకారం కలిస్తే ఆ కేబుల్ తెచ్చి పెట్టి చూడొచ్చు. ఇంత సులువైన పరీక్ష ఇంకోటి లేదు, అయినా ఎవరూ చెయ్యరు.

గోడ స్విచ్ ఆపి, రెండు చివరలా ఊడదీసి చూడండి. టార్చి వేసి బెజ్జాల్లోకి చూస్తే ఇత్తడి మెరవాలి. ఆకుపచ్చగానో తెల్లటి పొడిలానో కనిపిస్తే చిలుము. మన ఊళ్లో ఏడాదంతా గాలిలో తేమ, దాంతోపాటు ఉప్పు. రాత్రి ఏసీ వేసి తెల్లారి కిటికీలు తీస్తే, చల్లబడిన లోహం మీద కంటికి కనిపించని తడి చేరుతుంది. చిలుము పట్టిన చోట కరెంటుకి దారి ఇరుకవుతుంది, ఇరుకైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి ప్లాస్టిక్ మాడి రేకు ఇంకాస్త వదులవుతుంది. మా మేనకోడలి కేబుల్‌లో జరిగింది అదే.

కొద్దిపాటి చిలుమైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఎలక్ట్రానిక్స్ షాపులో చిన్న సీసా దొరుకుతుంది. సెంటు బాటిల్, శానిటైజర్ జెల్ వద్దు, అందులో ఉండే జిగురు లోపలే ఉండిపోతుంది. మాడిన మచ్చ ఉంటే మాత్రం శుభ్రం చేసి లాభం లేదు, కొత్తది కొనండి. కొనేటప్పుడు చేత్తో పట్టుకుని బరువు చూడండి. మరీ తేలిగ్గా, పురికొసలా ఉంటే లోపల రాగి పిసినారిగా వేశారని అర్థం.

అడాప్టర్

అడాప్టర్ మీద లైటు ఉంటే మంచిదే. గోడకి పెట్టి, లాప్‌టాప్‌కి తగిలించకుండా చూడండి. లైటు వెలగకపోతే, కేబుల్ మార్చినా వెలగకపోతే, అడాప్టర్ పోయినట్టే. లైటు వెలుగుతూ ఉండి, లాప్‌టాప్‌కి పెట్టగానే ఆరిపోతే వెంటనే తీసెయ్యండి. లాప్‌టాప్ లోపల షార్టు ఉంటే అడాప్టర్ తనని తాను కాపాడుకోవడానికి అలా ఆగిపోతుంది. లేదా అడాప్టరే బలహీనమై మోయలేకపోతోంది. అదే మోడల్ ఇంకో అడాప్టర్‌తోనూ అలాగే ఆరితే తప్పు లాప్‌టాప్‌దే. ఇక మళ్లీ మళ్లీ పెట్టి చూడొద్దు, షాపే.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకి, గుండ్రటి పిన్ను అడాప్టర్ అయితే ఇలా: డీసీ 200 వోల్టుల దగ్గర ముల్లు పెట్టండి. 20 దగ్గర పెడితే 20 వోల్టుల అడాప్టర్‌కి అంకె రాకుండా పోవచ్చు. నల్ల పుల్ల పిన్ను బయటి లోహానికి, ఎర్ర పుల్ల గొట్టం లోపలి గోడకి తగిలించండి. లేబుల్ మీద 19.5 ఉంటే మీటర్‌లో 19కీ 20కీ మధ్య రావాలి. 12, 7 అని కిందికి జారినా, అంకె గెంతుతున్నా అడాప్టర్‌ని నమ్మొద్దు. రెండు పుల్లలూ ఒకదానికొకటి తగలనివ్వొద్దు.

గొట్టం మధ్యలో సూదిలా సన్నటి పిన్ను ఉంటే అది వోల్టేజీ కోసం కాదు. డెల్, హెచ్‌పీ అడాప్టర్లలో ఉంటుంది. "నేను ఇన్ని వాట్ల దాన్ని" అని లాప్‌టాప్‌కి చెప్పే తీగ అది. అది వంగినా విరిగినా మెషీను ఆన్ అవుతుంది, పనిచేస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. వేగం కూడా నత్తనడకే. డెల్ అయితే ఆన్ చేసేటప్పుడు అడాప్టర్ ఏదో తెలియడం లేదని తెర మీద చెబుతుంది. ఆ వాక్యాన్ని చదవకుండా ఎంటర్ కొట్టేసి, బ్యాటరీ మార్పించుకుని, అయినా ఎక్కక తలపట్టుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. సన్నపిన్ను వంగితే పట్టకారుతో నిదానంగా నిలబెట్టొచ్చు. విరిగితే అడాప్టర్ మార్చడమే.

అడాప్టర్ కొనేటప్పుడు లెక్క. లేబుల్ మీద అవుట్‌పుట్ వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్లు: 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అంటే 65. వోల్టులు పాతదానితో కలవాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. 65 కావాల్సిన చోట 45 పెడితే నాలుగో రోగం వస్తుంది, అంటే పెట్టే ఉన్నా శాతం దిగిపోతుంటుంది. గేమింగ్ లాప్‌టాప్‌లకి 180, 230 వాట్లు కావాలి. వాటికి మామూలు చార్జర్ పెట్టి "ఎక్కట్లేదు" అంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది.

మన దేశంలో అమ్మే అడాప్టర్‌కి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద బీఐఎస్ గుర్తూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉంటాయి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పేరు మీద ఉందో చూపిస్తుంది. డాబా గార్డెన్స్‌లో కొన్నా ద్వారకా నగర్‌లో కొన్నా, కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోండి. దీనికి అర నిమిషం చాలు.

టైప్-సి వాళ్లకి వేరే అధ్యాయం

టైప్-సి చార్జర్‌ని మల్టీమీటర్‌తో కొలిచి "వోల్టేజీ లేదు" అనుకోకండి. ఖాళీగా ఉన్నప్పుడు అది 20 వోల్టులు ఇవ్వదు. లాప్‌టాప్‌తో ముందు బేరమాడుకుంటుంది: నీకెంత కావాలి, నేనెంత ఇవ్వగలను. 5, 9, 15, 20 వోల్టుల్లో ఒకటి కుదిరాకే కరెంటు పారుతుంది. దీన్నే పవర్ డెలివరీ అంటారు. బేరం కుదరకపోతే 5 వోల్టుల దగ్గరే ఉండిపోతుంది, దానికి లాప్‌టాప్ కదలదు.

బేరం చెడేది మూడు చోట్ల. మొదటిది కేబుల్. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల దాకానే, అంటే 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. కొన్ని చవక కేబుళ్లు అయితే 15 వాట్లకు మించి మోయవు. రెండోది ఫోన్ చార్జర్. దాని మీద 80 వాట్లని రాసున్నా ఆ వేగం ఎక్కువగా ఆ కంపెనీ ఫోన్లకే. లాప్‌టాప్ అడిగితే దానిలో సగం కూడా ఇవ్వకపోవచ్చు. మూడోది పోర్టు. లాప్‌టాప్‌కి రెండు టైప్-సి పోర్టులుంటే రెండూ చార్జింగ్ తీసుకుంటాయని లేదు. పక్కన ప్లగ్గు బొమ్మో బ్యాటరీ బొమ్మో ఉందేమో చూడండి. రెండూ చార్జింగ్ తీసుకునేవే అయి, రెండోదాంట్లో మాత్రమే ఎక్కితే, మొదటి పోర్టులో తేడా ఉందన్నమాట.

జాక్

లాప్‌టాప్ ఆఫ్ చేసి చార్జర్ తీసి, పోర్టులోకి టార్చి వెయ్యండి. టైప్-సి పోర్టులో చొక్కా నూలు, బ్యాగు దుమ్ము అట్టలా పేరుకుని పిన్నుని లోపలిదాకా వెళ్లనివ్వదు. రుషికొండ వెళ్లొచ్చిన బ్యాగులో ఇసుక కూడా ఉంటుంది. చెక్క పళ్లపుల్లతో నెమ్మదిగా గీకి తియ్యండి. గుండుసూది, పిన్నీసు వద్దు. నోటితో ఊదొద్దు, ఉన్న తేమ చాలకా?

గుండ్రటి జాక్‌కైతే కదిలించే పరీక్ష. పిన్ను పెట్టి, మెల్లిగా పైకీ కిందికీ అనండి. లైటు వస్తూ పోతూ ఉంటే జాక్ వదులైంది. చార్జర్ వైరుని ఒక పుస్తకం కింద నొక్కిపెట్టి ఓ కోణంలో పనిచేయించుకునే విద్య మన అందరికీ వచ్చు. ఆ కోణం రోజురోజుకీ మారుతూ, చివరికి నిప్పురవ్వలు వచ్చే దాకా పోతుంది. చాలా లాప్‌టాప్‌లలో ఈ జాక్ బోర్డుకి అతుక్కుని ఉండదు, చిన్న వైరుతో విడిగా ఉంటుంది. మార్చడం అరగంట పని, ఖర్చు వందల్లోనే. కొన్నిట్లో బోర్డుకే టంకం వేసి ఉంటుంది, టైప్-సిలు దాదాపు అన్నీ అంతే. షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న: "జాక్ విడిగా వస్తుందా, బోర్డు మీదుందా?" ఈ ప్రశ్నకి నీళ్లు నమిలేవాడి చేతిలో మెషీను పెట్టకండి.

ముప్ఫై సెకన్ల వైద్యం

ఇప్పటికీ ఎక్కకపోతే ఇది చెయ్యండి. షట్‌డౌన్ చేసి చార్జర్ తియ్యండి. బయటికి వచ్చే బ్యాటరీ అయితే అదీ తియ్యండి. పవర్ బటన్‌ని ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకోండి. తరవాత చార్జర్ పెట్టి ఆన్ చెయ్యండి. బోర్డు మీద చార్జింగ్‌ని చూసుకునే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు దానికి తిక్క పుట్టి అలాగే ఉండిపోతుంది, ఇలా చేస్తే దాని బుర్రలో ఉన్నదంతా ఖాళీ అవుతుంది. కొన్ని లెనోవోలకి కింద అట్ట మీద చిన్న బెజ్జం ఉంటుంది. చార్జర్ తీసి, అందులో సిమ్ సూదితో కాసేపు నొక్కాలి. నాకు ఇది పది మెషీన్లలో ఒకటీ రెండింటికి పనిచేసింది. తక్కువే కానీ పైసా ఖర్చు లేదు.

80 దగ్గర ఆగిందా? చాలావరకు అది కావాలనే

లిథియం బ్యాటరీని ఎప్పుడూ నూటికి నూరు నింపి ఉంచితే తొందరగా అరుగుతుంది. అందుకే కంపెనీలే ఒక హద్దు పెట్టాయి. లెనోవో వాంటేజ్ యాప్‌లో కన్సర్వేషన్ మోడ్, మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్, డెల్‌లో ఎక్కువగా ప్లగ్గు మీదే వాడేవారి మోడ్ (ప్రైమరిలీ ఏసీ యూజ్), హెచ్‌పీలో బయోస్‌లోని (ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగులు) బ్యాటరీ హెల్త్ మేనేజర్, మ్యాక్‌లో ఆప్టిమైజ్డ్ చార్జింగ్. కింద మూల బ్యాటరీ బొమ్మ మీద ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్ అని కనిపిస్తే ముందు వీటిని వెతకండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే రుషికొండ ఐటీ హిల్ మీది మీ కంపెనీ వాళ్లే పెట్టి ఉండొచ్చు, వాళ్లనే అడగండి. రోజంతా ఇంట్లో చార్జర్ మీదే పనిచేసేవాళ్లు ఆ హద్దుని అలాగే ఉంచుకోవాలని నా మాట.

హద్దు ఏమీ లేకపోతే విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, బ్యాటరీస్ కింద మైక్రోసాఫ్ట్ ఏసీపీఐ అని మొదలయ్యే వరసని అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చెయ్యండి. విండోస్ మళ్లీ తనే వేసుకుంటుంది. ఇంకో తెలివైన పరీక్ష ఉంది. మెషీను పూర్తిగా ఆఫ్ చేసి గంటసేపు చార్జింగ్ పెట్టండి. ఆఫ్‌లో ఎక్కి, ఆన్‌లో ఎక్కకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దో, శక్తి చాలని అడాప్టర్‌దో. రెండింట్లోనూ ఎక్కకపోతే హార్డ్‌వేర్.

వేడి సంగతీ చూసుకోండి. బ్యాటరీ వేడి సుమారు 45 డిగ్రీలు దాటితే మెషీనే చార్జింగ్ ఆపేస్తుంది, రక్షణ కోసమే. మే నెల మధ్యాహ్నం మన ఉక్కపోతలో, పరుపు మీద గాలి బెజ్జాలు మూసుకుపోయేలా పెట్టి వీడియో ఎడిటింగ్ చేస్తుంటే అంత వేడెక్కడం కష్టం కాదు. గట్టి బల్ల మీద, ఫ్యాను కింద అరగంట చల్లార్చి పెట్టి చూడండి.

బ్యాటరీ జాతకం

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పవర్ అనే మాటకి సి, ఎఫ్, జి అక్షరాలు ఖాళీ లేకుండా తగిలించి ఇంగ్లిష్‌లో టైప్ చెయ్యండి. ఒక ఖాళీ వదిలి, ముందుకి వాలిన గీత పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అని రెండు మాటలూ కలిపేసి, ఎంటర్ కొట్టండి. రిపోర్టు ఎక్కడ దాచిందో అక్కడే చెబుతుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొన్ననాటి బలం, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇవాళ్టి బలం. మొదటిది 42,000, రెండోది 18,900 ఉంటే బ్యాటరీకి 45 శాతమే మిగిలింది. 80 పైన ఉంటే ఎవరు మార్చమన్నా మార్చకండి. 50 కిందికి దిగితే ఆలోచించాల్సిందే. మామూలు లాప్‌టాప్ బ్యాటరీ 300 నుంచి 500 సార్లు నిండి ఖాళీ అయ్యాక నీరసపడుతుంది. మూడు నాలుగేళ్ల మెషీన్‌కి అది సహజం. రిపోర్టులో బ్యాటరీయే కనపడకపోతే లోపల కనెక్టర్ వదులైందో, బ్యాటరీలోని సర్క్యూట్ పోయిందో అయి ఉంటుంది.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరు ఒక్కటే చెప్పకండి. ఒకే మోడల్లో రెండు మూడు రకాలుంటాయి. పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు ఫోటో తీసుకెళ్లండి. తయారీ తేదీ చూడండి. షాపు అరలో రెండేళ్లు పడున్న బ్యాటరీ కొత్తదే, కానీ వయసు మళ్లిన కొత్తది. పెట్టించుకున్న రోజే రిపోర్టు తీసి, సంఖ్యలు కలిశాయో లేదో చూసుకుని డబ్బులివ్వండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. లాప్‌టాప్‌కి మూడేళ్ల వారంటీ ఉన్నా బ్యాటరీకి ఎక్కువగా ఏడాదే ఉంటుంది, కాబట్టి మొదటి ఏడాది నిండే ముందు ఓసారి రిపోర్టు చూసుకోవడం మంచిది. పాతదాన్ని చెత్తబండిలో వెయ్యకండి, బ్యాటరీ అమ్మిన షాపుకే తిరిగిచ్చెయ్యండి.

షాపుకి వెళ్లక తప్పకపోతే

ఇంతవరకూ వచ్చి ఇంకా ఎక్కకపోతే మిగిలింది బోర్డు. ఇక మీ చేతుల్లో పని కాదు. ముందు డేటా కాపీ తీసుకోండి, మెషీను కొన ఊపిరితో ఉన్నప్పుడే. అడుగు అట్ట మీది సీరియల్ నంబరు ఫోటో తియ్యండి. చార్జర్, కేబుల్ తోడు తీసుకెళ్లండి. వాళ్ల చార్జర్ పెట్టి మీ ముందే చూడమనండి. నేనైతే తప్పకుండా అడిగే మాట ఇదే. బోర్డు పని అంటే ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి, తీసేసిన పాత భాగం వెనక్కి ఇమ్మనండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. చార్జింగ్ ఐసీ మార్చడం చిప్ స్థాయి పని. చేస్తామని షాపు ముందు బోర్డు అందరూ పెడతారు, టంకం పనికి వాడే మైక్రోస్కోపు ఉన్నచోటే ఆ పని జరుగుతుంది. అది ఉందా అని అడిగితే తప్పులేదు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరిని పడుకోబెట్టినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ ఉన్నవాళ్ల గుమ్మం ముందు ఫోన్లు పట్టుకుని వరసకట్టాం. నా లాప్‌టాప్ అప్పుడు అరవై శాతంలో ఉంది, పూర్తిగా నింపుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. ఇప్పుడు వాతావరణ శాఖ తుపాను మాట ఎత్తగానే నేను చేసే పని ఒకటుంది. ఆ 80 శాతం హద్దు తీసేసి, నూటికి నూరు నింపి, ప్లగ్గు గోడ నుంచి ఊడదీసి, అడాప్టర్‌నీ లాప్‌టాప్‌నీ సిలికా జెల్ పొట్లాలతో కలిపి కవర్‌లో కట్టి, కిటికీకి దూరంగా అలమార పై అరలో పెడతాను. గాలి తగ్గి, కరెంటు నిలకడగా వచ్చాక కేబుల్ బెజ్జాల్లోకి ఓసారి టార్చి వేసి చూసి, అప్పుడు పెడతాను. హద్దు మళ్లీ 80కి మార్చడం మాత్రం ప్రతిసారీ మా మేనకోడలే గుర్తుచేస్తుంది.